అంట్లు, అలుకు, అమెరికా

రెడ్‌మండ్‌లో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే మాటలు ఒక వరసలో నడుస్తాయి. ముందు వీసాలు, తరువాత వాన, ఆ తరువాత పిల్లల బడులు. భోజనాలై, కాగితపు పళ్ళేలు చెత్తడబ్బాలో పడే వేళకు ఎవరో ఒకావిడ మా వంక తిరిగి, "మీరు డాక్టర్లు కదండీ, కెమికల్స్ లేకుండా ఇల్లు దేంతో తుడుచుకోవాలి?" అని అడుగుతుంది. ఈ ప్రశ్న ఒక్క ఏడాదిలో అయిదారుసార్లు విన్నాము. చేతిలో ఐస్‌క్రీం గిన్నె పట్టుకుని నిలబడి చెప్పే జవాబు కాదు గనుక వ్రాసి ఇస్తున్నాము.

మేమంటే మేమిద్దరమూ. ఇద్దరమూ గుంటూరు వైద్య కళాశాలలో పట్టాలు పుచ్చుకుని, ఈ దేశం వచ్చి మళ్ళీ చిన్నపిల్లల్లా పరీక్షలు వ్రాసి, రెసిడెన్సీ చేసి, ముప్ఫయ్యో పడిలో పడ్డాక కుదురుకున్నవాళ్ళం. నాలుగేళ్ళ అమ్మాయి వుంది. చలికాలంలో దానికి పిల్లికూతలు వస్తాయి. అంచేత ఇది మాకు ఊసుపోక కబురు కాదు.

ముందు ఆ "కెమికల్" అనే మాట సంగతి. నీళ్ళూ రసాయనమే, ఉప్పూ రసాయనమే. వెనిగర్ అంటే నూటికి అయిదు పాళ్ళు ఎసిటిక్ ఆమ్లం, తక్కినది నీరు. మన భాషలో "మందు" అనే మాట ఇంతకంటె నిజాయితీ గలది. జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం పుచ్చుకునేదీ మందే, పత్తిచేనుకి కొట్టేదీ మందే. ఎంత, ఎవరికి, ఎక్కడ అన్నదాన్ని బట్టి దాని గుణం. వస్తువు చెట్టున కాసిందా, ఫ్యాక్టరీలో తయారైందా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, అది ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోంది, ఎవరి చేతుల్ని తింటోంది అన్నది.

మన ఇళ్ళలో వెనకటి పద్ధతులు తలుచుకుంటే, వాటి వెనక వున్న రసాయనశాస్త్రం చూసి ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అంట్లు తోమడానికి పొయ్యిలో బూడిద, కొబ్బరిపీచు. బూడిదలో పొటాషియం కార్బొనేటు వుంటుంది, అది క్షారం. గిన్నెకంటిన నూనెజిడ్డుతో అది కలిస్తే కొంచెం సబ్బు అక్కడికక్కడే పుడుతుంది. అంటే మన అమ్మమ్మలు సబ్బు కొనకుండానే, ఆ గిన్నె జిడ్డుతోనే ఆ గిన్నె కడిగేవారన్నమాట. పొటాషియం అన్న పేరు కూడా కుండలో బూడిద అనే ఇంగ్లీషు మాట నుంచి పుట్టినదే. ఇత్తడికీ రాగికీ చింతపండు. అందులో టార్టారిక్ ఆమ్లం రాగి మీద పట్టిన చిలుమును కరిగిస్తుంది, కింద లోహం జోలికి అంతగా పోదు. తలకీ, పట్టుచీరలకీ, నగలకీ కుంకుడు రసం. అందులో నురుగు సాపోనిన్లది. గోడలకు సున్నం. తడి సున్నం గట్టి క్షారం, క్రిములు బతకవు. ఆరినకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రాయిగా మారుతుంది. ఏడాదికోసారి సంక్రాంతికి వెల్ల వేయించడం అందానికే అనుకునేవాళ్ళం చిన్నప్పుడు.

ఇంత ముచ్చటా చెప్పాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆ బూడిదతో తోమింది సాధారణంగా మన అమ్మమ్మలు కాదు. పనిమనిషి. తెనాలిలో మా ఇంట్లో అంట్లు తోమిన ఆవిడ చేతివేళ్ళ సందులు పండుముసలిదాని కాలి మడమల్లా పగిలి వుండేవి. బూడిద పోయి చాకిరేవు సోడా వచ్చింది, సోడా పోయి బిళ్ళసబ్బు వచ్చింది. ఆ చేతులు మాత్రం అలాగే వుండిపోయాయి. "సహజమైన" బూడిద కూడా క్షారమే, రోజుకి మూడుసార్లు నాలుగిళ్ళలో పడితే చర్మం మీది నూనెను అదీ సబ్బుగా మార్చేస్తుంది. ఎవరింట్లోనైనా అంట్లావిడకు రబ్బరు తొడుగులు కొనివ్వగా మేము చూడలేదు. కొనిస్తే వేసుకోరండీ అంటారు. కొని చూశారా అంటే మాట మారుస్తారు.

పేడ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాము. మట్టి ఇంటికి పేడతో అలికితే దుమ్ము లేవదు, నేల గట్టిపడుతుంది, చల్లగా వుంటుంది. అంతవరకు బాగు. క్రిములు చస్తాయని ఇప్పటికీ కొందరు గట్టిగా వాదిస్తారు. ధనుర్వాతం పుట్టించే క్రిమి బీజాలకు పేడ పుట్టిల్లు. బొడ్డు కోసిన చోట పేడ పెట్టే ఆచారం వల్ల ఎందరు పసికందులు ఏడో రోజునా ఎనిమిదో రోజునా కొయ్యబారి పోయారో మా గురువుల తరం డాక్టర్లు చెబుతుంటే విన్నాము. తల్లులకు టీకాలు, కాన్పులో శుభ్రత పెరిగి, 2015లో మన దేశం ఆ పీడ వదిలించుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పేడ సహజమైనదే. ధనుర్వాతమూ సహజమైనదే.

ఇక మా మనసులో నుంచి పోని సంగతి ఒకటుంది. హౌస్ సర్జన్లుగా పనిచేస్తున్న రోజుల్లో, ఒక రాత్రి, అయిదేళ్ళ కుర్రవాణ్ణి భుజాన వేసుకుని ఒక తల్లి పరుగెత్తుకొచ్చింది. మన ఊళ్ళలో బాత్రూములు కడగడానికి "యాసిడ్" అమ్ముతారు కదా, సైకిలు మీద డబ్బాలు కట్టుకుని వీధివీధీ తిరిగి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆవిడ అపార్టుమెంటుల్లో బాత్రూములు కడిగే మనిషి. ఒక ఇంటివాళ్ళు మిగిలిన యాసిడ్ కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇచ్చారు, ఇంటికి పనికొస్తుందని. దయతోనే ఇచ్చారు. సీసా గుడిసెలో మూల పెట్టింది. ఎండలో ఆడుకుని వచ్చిన పిల్లవాడు మూత తీసి ఒక గుక్క తాగాడు. ఇరుగుపొరుగు వాళ్ళు ఉప్పునీళ్ళు పట్టించి కక్కించారు. లోపలికి పోతూ కాల్చిన ఆమ్లం బయటికొస్తూ రెండోసారి కాల్చింది. (దయచేసి జ్ఞాపకం పెట్టుకోండి. యాసిడ్ గాని, గట్టి సోడా గాని, బ్లీచి గాని తాగిన మనిషిని కక్కించకూడదు. ఇక్కడైతే 1-800-222-1222కు ఫోను చేయండి, పగలైనా రాత్రైనా విషాల కేంద్రంవాళ్ళు పలుకుతారు. ఊపిరి అందకపోతే, స్పృహ తప్పితే 911.)

పిల్లవాడు బతికాడు. కాని అన్నవాహిక మానుతూ మానుతూ మూసుకుపోయింది. కడుపుకి చిల్లుపెట్టి గొట్టం వేశారు, దానిలోంచి మజ్జిగా, జావా. రెండు మూడు వారాలకొకసారి వచ్చి ఆ సన్నని దారిని సాగదీయించుకుని పోయేవాడు. తల్లి ప్రతిసారీ ఒకటే అడిగేది, "ముద్ద ఎప్పుడు తింటాడయ్యా?" అని. మా హౌస్ సర్జన్సీ అయిపోయేనాటికి వాడు నీళ్ళు మింగుతున్నాడు. ముద్ద దాకా రాలేదు. అప్పటికి మా ఇద్దరికీ పెళ్ళి కాలేదు. ఆ వార్డులోనే ఒకరి గురించి ఒకరికి తెలిసింది. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది, ఆడపిల్లల మీద జరిగే దాడుల కారణంగా. కొనేవాళ్ళ పేరూ ఊరూ రాసుకోవాలని, గుర్తింపు చూడాలని. సైకిలు మీది డబ్బాకు ఆ పుస్తకం ఎక్కడ కట్టారో మాకైతే కనబడలేదు.

ఆ పిల్లవాణ్ణి చూసిన కళ్ళతోనే రెడ్‌మండ్‌లో మా ఇంటి సింకు కింద అలమర తెరిచాము, అమ్మాయి పాకడం మొదలుపెట్టినప్పుడు. అద్దాలకొకటి, ఒవెన్‌కొకటి, చెక్కకొకటి, టబ్బుకొకటి, అన్నీ రంగురంగులు, అన్నింటికీ నిమ్మకాయ బొమ్మ. పసిపిల్లకు అది మిఠాయి దుకాణంలా వుంటుంది. పైగా ఇక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వానా ముసురూ, కిటికీలు తియ్యము. మన ఊళ్ళో ఫినాయిలు వాసన పది నిమిషాల్లో వీధిలోకి పోతుంది. ఇక్కడ స్ప్రే కొడితే సాయంత్రం దాకా మనతోనే కాపురం వుంటుంది.

నార్వేలో బెర్గెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఒక పరిశోధన అచ్చువేశారు. ఐరోపాలో ఆరువేల పైచిలుకు మందిని ఇరవై ఏళ్ళపాటు గమనించి, ఊపిరి బలాన్ని కొలిచారు. ఇంట్లోగాని, వృత్తిగాగాని శుభ్రం చేసే పనిలో వున్న ఆడవాళ్ళకు ఊపిరి బలం మిగతావారికంటె త్వరగా తగ్గింది. మగవాళ్ళలో ఆ తేడా కనబడలేదట. వృత్తిగా తుడిచే మగవాళ్ళు ఆ లెక్కలో బహు కొద్దిమంది. ఇంట్లో తుడిచే మగవాళ్ళ సంగతి మేము వ్రాయబోము, మా ఇంట్లోనే తగవు వస్తుంది.

స్ప్రే అన్నది అసలు మెలిక. అదే ద్రవాన్ని గుడ్డమీద పోసి తుడిస్తే నేల మీద వుంటుంది. పిచికారీ కొడితే గాలిలో సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. మేము చేసిన మొదటి మార్పు వస్తువులో కాదు, మూతలో. పిచికారీ తలలన్నీ తీసేసి మామూలు మూతలు పెట్టాము. పైసా ఖర్చు లేదు.

మా ఇంటికి రెండు వారాలకొకసారి ఒక మెక్సికో ఆవిడ వచ్చి తుడిచిపెట్టి వెళుతుంది. తన బకెట్టు, తన సీసాలు తనే తెచ్చుకుంటుంది. వస్తూనే దగ్గు. డాక్టర్లం గనుక ఊరుకోలేక అడిగాము. శని ఆదివారాల్లో దగ్గు వుండదంది. వృత్తివల్ల వచ్చే ఉబ్బసం పట్టుకోవడానికి మాకు పాఠంలో చెప్పిన మొదటి ప్రశ్న అదే. మా ఇంట్లో మట్టుకు గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు కడిగే సబ్బు రెండు చుక్కలు, తడిగుడ్డ చాలన్నాము. ఆవిడ సంతోషించింది గాని, "మిగతా ఇళ్ళవాళ్ళు ఒప్పుకోరు. వాసన రాకపోతే నేను పని చెయ్యలేదనుకుంటారు" అంది. ఆ మాట చాలా దూరం పోతుంది. మనకు ఫినాయిలు వాసన, వీళ్ళకు పైన్ వాసన. శుభ్రానికి నిజానికి ఏ వాసనా లేదు. ఆస్తమా క్లినిక్కు ఒకటి చూపించాము, వెళ్ళింది. ఇప్పుడు ఇన్‌హేలరు వాడుతోంది. బకెట్టు మాత్రం మోస్తూనే వుంది, మిగతా ఇళ్ళకోసం.

కిందటి శీతాకాలం తెనాలి నుంచి అమ్మ వచ్చింది. (ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు; ఇద్దరమూ అమ్మ అనే అంటాము.) పెట్టెలో ఆవకాయతోపాటు రెండు కిలోల కుంకుడుకాయలు, చింతపండు ఉండలు. వచ్చిన మూడోనాడే దేవుడి గూట్లో ఇత్తడి కుందులు తళతళలాడాయి. "ఏమర్రా, ఇద్దరూ డాక్టర్లు, దీపపు కుంది ఇంత నల్లగా పెట్టుకున్నారు" అంది. కుంకుడు రసం కాచి కిచెన్ గట్టూ, ఫ్రిజ్జూ, టబ్బూ తుడిచింది. బాగానే పోయింది జిడ్డు. ఉన్ని స్వెట్టర్లకూ పట్టుచీరలకూ దానంత మంచిది మాకు తెలియదు. స్నానాలగదిలో పాలరాయి మీద మాత్రం చింతపండు పడనివ్వలేదు. ఆమ్లం పాలరాతిని తింటుంది, మెరుపు పోతుంది. వెనిగరూ అంతే. కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మండుతుందో ప్రతి తెలుగు బిడ్డకూ ఆదివారం తలంట్ల వల్ల తెలిసిందే గనుక వివరించము.

వెనిగర్ గురించి ఇక్కడివాళ్ళకు భక్తి ఎక్కువ. కెటిలులో తెల్లగా పట్టిన గారకూ, అద్దాలకూ దివ్యంగా పనిచేస్తుంది. దానిలో వంటసోడా కలిపి బుస్సున పొంగుతుంటే చూసి సింకు శుద్ధి అయిందనుకోవడం మాత్రం వేడుకే. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్ళే. విడివిడిగా వాడండి. వంటసోడా తడిగుడ్డమీద వేసి రుద్దితే టబ్బు అంచున పట్టిన మురికి పోతుంది, గీతలు పడవు.

అసలు ప్రమాదం సహజమైనదాన్ని అసహజమైనదానితో కలపడంలో వుంది. 2020 మార్చిలో కరోనా భయంతో ఒకావిడ సింకునిండా బ్లీచి, వెనిగర్, వేడినీళ్ళు కలిపి అందులో కూరగాయలు నానబెట్టింది. కాసేపటికి ఘాటు వాసన, దగ్గు, ఆయాసం. 911కు ఫోను, అంబులెన్సు, ఆక్సిజను. బ్లీచిలో ఏ ఆమ్లం కలిసినా క్లోరిన్ వాయువు పుడుతుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలమీదికి వదిలిన వాయువు అదే. అమోనియా కలిస్తే క్లోరమీన్లు, అవీ ఊపిరికి శత్రువులే. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో ఈ దేశపు విషాల కేంద్రాలకు శుభ్రం చేసే మందుల గురించి 45,550 ఫోన్లు వచ్చాయని, కిందటేటికంటె అయిదోవంతు ఎక్కువని, సీడీసీవాళ్ళు ఏప్రిల్‌లో వెల్లడించారు. పై ఆవిడ కథా అందులోదే. ఆవిడ కోలుకుని ఇంటికి వెళ్ళింది.

అయితే బ్లీచిని ఇంట్లోంచి తరిమేశామా అంటే, లేదు. జనవరిలో అమ్మాయి బడినుంచి నోరోవైరస్ మోసుకొచ్చింది. ఒకే రాత్రి ముగ్గురం పడ్డాము, అమ్మ ఒక్కతే నిలబడి వుంది. వాంతి పడినచోట కుంకుడు రసంతో తుడుస్తానంది. వద్దన్నాము. ఆ క్రిమికి వెనిగరూ లెక్కలేదు, చేతులకు రాసుకునే స్పిరిటూ అంతగా లెక్కలేదు. గాలను నీళ్ళకు అయిదు టేబుల్ స్పూన్ల నుంచి పాతిక దాకా బ్లీచి, కిటికీ తీసి, చేతులకు తొడుగులు వేసుకుని, తడి అయిదు నిమిషాలైనా ఆరకుండా వుంచాలి. "ఇన్నాళ్ళూ కెమికల్ వద్దన్నది మీరే కదర్రా" అంది అమ్మ. అమ్మకు 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ బాలింతల వార్డులో డాక్టర్ల చేతులు క్లోరిన్ సున్నంతో కడిగించిన కథ చెప్పాము, దుప్పటి కప్పుకుని, బకెట్టు పక్కన పెట్టుకుని. ఆవిడ అంతా విని, "మా ఊరి బావిలో వానాకాలం పంచాయతీవాళ్ళు చల్లే పొడే కదూ అది, దానికింత కథ ఎందుకు" అని వెళ్ళి కిటికీ తీసింది.

ఇంకొక చర్చ వాకిట్లో జరిగింది. కుంకుడు పిప్పి కాచిన నీళ్ళతో కారుషెడ్డు ముందు సిమెంటు కడుగుతానంది అమ్మ, కళ్ళాపి చల్లే అలవాటు కొద్దీ. ఇక్కడ వీధి పక్కన కనబడే ఇనపచట్రం కాలువ మురుగుకాలువ కాదు. అందులో పడ్డది శుద్ధి లేకుండా దగ్గరి వాగులోకి పోతుంది. మా వైపున అది బేర్ క్రీక్, అక్కణ్ణుంచి సమ్మామిష్ నది. సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చి గుడ్లు పెట్టే చోటు అది. ఈ ఊరికి మొదట సాల్మన్‌బర్గ్ అన్న పేరే వుండేదట. కుంకుళ్ళలోని సాపోనిన్లు చేప మొప్పల్ని పాడుచేస్తాయి. ఎన్నో దేశాల్లో కుంకుడు జాతి కాయలు నూరి మడుగుల్లో కలిపి చేపలు పట్టేవారు. మనకు తలంటు, చేపకు విషం. "అయ్యో, గర్భిణీ చేపలా!" అని అమ్మ బకెట్టు ఎత్తుకెళ్ళి సింకులో పోసింది. సింకు నీరు శుద్ధికి పోతుంది. ఈ ఊరు తాగే నీటిలో కొంత ఇక్కడి భూమిలోంచే బావులద్వారా తోడుతారు గనుక, పెరట్లో ఒంపే మందుల విషయంలోనూ జాగ్రత్త అవసరమే. అలమరలోంచి తీసిన పాత సీసాలన్నీ బెల్‌వ్యూలో ఫ్యాక్టోరియా కేంద్రంలో ఇచ్చివచ్చాము.

పక్కనున్న లేక్ వాషింగ్టన్ కథ తెలిస్తే ఈ జాగ్రత్త చాదస్తం అనిపించదు. చుట్టూ వున్న ఊళ్ళ మురుగు శుద్ధిచేసి ఆ సరస్సులోకే వదిలేవారు. అందులోని ఫాస్ఫరస్ (కొంత బట్టల సబ్బుపొడుల నుంచి వచ్చినదే) తిని నాచు బలిసింది. 1955లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్‌సన్ అనే ఆచార్యుడి బృందం ఆ నాచును గుర్తుపట్టింది. 1958లో జనం ఓటు వేసి మెట్రో అనే సంస్థను పెట్టుకున్నారు. 1963 నుంచి 1968 దాకా మురుగంతా మళ్ళించారు. గజం లోతు కూడా కనబడని నీరు కొన్నేళ్ళలో తేటపడింది. 2010 జూలై నుంచి ఈ రాష్ట్రంలో గిన్నెలు కడిగే మిషన్ల సబ్బులో కూడా ఫాస్ఫేట్లు ఇంచుమించు లేకుండా చేశారు. మొదట్లో గ్లాసులు మసకబారుతున్నాయని గోల చేశారట. మా గ్లాసులు బాగానే వున్నాయి.

పూజగది సామాను గురించి ఒక్కమాట. కర్పూరం బిళ్ళలు పిల్లలకు అందేచోట వుంచకండి; ఒకటి రెండు మింగినా మూర్ఛలు రాగలవు. బట్టలబీరువాలో కలరా ఉండలూ వద్దు. నాఫ్తలీన్ ఉండలైతే, జి6పిడి లోపం వున్న పిల్లలకు ఆ ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగినా రక్తకణాలు చితికిపోవచ్చు. ఆ లోపం మనవాళ్ళలోనూ వుంది. ఎండవేసిన వేపాకు చాలు, లేదా ఊరికే ఎండ. ఎండ రెడ్‌మండ్‌లో ఎక్కడ దొరుకుతుందని అడగకండి, జూలైలో దొరుకుతుంది.

అమ్మ మార్చిలో తిరుగు ప్రయాణమైంది. వెళ్ళేముందు రెండు సీసాల కుంకుడు రసం కాచి పెడతానంది. ఫ్రిజ్జులో పెడితే నాలుగు రోజులు వుంటుంది, తరువాత పులుస్తుంది. ఖాళీ అయిన ఆపిల్ రసం సీసా కడిగి తెచ్చింది పొయ్యడానికి. దాన్ని చేతిలోంచి తీసుకుని, మూత బిగిసే తెల్ల డబ్బా ఇచ్చి, గుంటూరు వార్డులో ఆ పిల్లవాడి సంగతి అమ్మకు మొదటిసారి చెప్పాము. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితం అడిగి తీసుకుని, పెద్ద అక్షరాలతో "ఇది తాగేది కాదు" అని తెలుగులో వ్రాసి డబ్బాకు అంటించింది. అమ్మాయికి ఇంకా చదవడం రాదు గనుక దానిచేతే పక్కన ఒక పుర్రెబొమ్మ వేయించింది. పుర్రె నవ్వుతూ వచ్చింది. అమ్మ అది కొట్టేయించి, నోరు కిందికి వంచి ఇంకొకటి వేయించింది.